చూపు మరలిన తర్వాత: దృశ్య కార్యస్మృతి

ఉదయగిరి దుర్గం కింద ఊళ్లో చెక్క చెంచాలు చేసే ఇళ్లున్నాయి. నర్ది, బిక్కి లాంటి అడవి చెక్కను కోసి, చెక్కి, ఆకురాయితో రాచి చెంచాలు, గరిటెలు, ఫోర్కులు తీస్తారు. భౌగోళిక గుర్తింపు అందుకున్న చేతిపని ఇది. కొత్త నమూనా వచ్చిన రోజున ఆ చేతులతో పాటు కళ్లనూ గమనించాలి. నమూనా చెంచా పక్కనే ఉంటుంది. చూపు దాని మీద ఆగుతుంది, చేతిలో చెక్క మీదికి వస్తుంది, రెండు గాట్లు పడతాయి, మళ్లీ నమూనా మీదికి పోతుంది. కాడ చివర తీగ ఎటు వంగిందో చూడటానికి ఒకసారి, ఎంత సన్నగా దిగిందో చూడటానికి ఇంకోసారి.

ఆ రెండు చూపుల మధ్య తీగ వంపు ఎక్కడో ఒకచోట ఉండాలి. చూపు నమూనా మీద లేదు. చెక్క మీద వంపు ఇంకా తేలలేదు. ఆ సెకనో రెండు సెకన్లో దాన్ని పట్టి ఉంచేదే దృశ్య కార్యస్మృతి.

చూసినదాన్ని, అది కంటి ముందు నుంచి తప్పుకున్నాక, చేస్తున్న పని కోసం కొద్ది సెకన్ల పాటు మనసులో నిలిపి వాడుకునే శక్తికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఇది. పెళ్లినాటి చీర రంగు ముప్పై ఏళ్ల తర్వాత గుర్తుకు రావడం దీర్ఘకాలిక స్మృతి, దాని దారి వేరు. నల్లబల్ల మీది అక్షరాన్ని చూసి, తల వంచి, పలక మీద దించుకునే పిల్ల వాడేది కార్యస్మృతి. ఆత్మకూరు రోడ్డు దాటే మనిషి కుడివైపు చూసి ఎడమకు తిరిగాక కూడా కుడినుంచి వస్తున్న లారీ ఎంత దూరంలో ఉందో మనసులో ఉంచుకోగలగడమూ అదే. పని అయిపోగానే అందులో ఉన్నది చెరిగిపోతుంది. చెరగకపోతే తర్వాతి చూపుకు చోటుండదు.

ఈ స్మృతికి తనదైన గది ఉందన్న ఆలోచన 1974లో బ్రిటన్‌లో స్థిరపడింది. అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ ఆ ఏడాది కార్యస్మృతికి ఒక నమూనా ప్రతిపాదించారు. అందులో మాటల్ని లోలోపల తిప్పుకుంటూ నిలిపే భాగం ఒకటి, చూపునూ స్థానాన్నీ నిలిపే చిత్తుపలక లాంటి భాగం ఇంకొకటి, రెంటినీ నడిపే పెత్తందారు ఒకటి. బాడ్లీ అమెరికాలో ఉన్న రోజుల్లో కారు నడుపుతూ రేడియోలో ఫుట్‌బాల్ ఆట వింటున్నారట. ఆటను మనసులో బొమ్మ కట్టుకోవడం మొదలు పెట్టేసరికి కారు గీత దాటి అటూ ఇటూ పోసాగింది. పాటల స్టేషనుకు మార్చాక సర్దుకుంది. మనసులో మైదానాన్నీ కంటి ముందు రోడ్డునూ ఒకే పలక మీద గీయాల్సి రావడమే ఆ చిక్కు. పాట ఆ పలక జోలికి రాదు.

అయితే కన్ను చూసిందంతా నేరుగా ఈ పలక మీదికి వస్తుందా? దీనికి జవాబు అంతకు ముందే, 1960లో, జార్జ్ స్పెర్లింగ్ చేసిన ప్రయోగంలో దొరికింది. పన్నెండు అక్షరాల్ని మూడు వరసలుగా పేర్చి సెకనులో ఇరవయ్యో వంతు కాలం చూపించాడు. ఎవరైనా నాలుగైదు అక్షరాలకు మించి చెప్పలేకపోయారు. కానీ అందరూ ఒకే మాట అనేవారు: అన్నీ కనిపించాయి, చెబుతుండగానే పోయాయి. స్పెర్లింగ్ ఆ మాటను నమ్మాడు. అక్షరాలు మాయమయ్యాక ఒక ధ్వని వినిపించాడు. హెచ్చు స్వరమైతే పై వరస, మధ్యమమైతే మధ్య వరస, తగ్గుస్వరమైతే కింది వరస చెప్పాలి. ఏ వరస అడిగినా నాలుగింటిలో మూడు దాకా చెప్పగలిగారు. ఏ వరస అడుగుతారో ముందు తెలియదు కాబట్టి ఆ క్షణంలో తొమ్మిది దాకా అక్షరాలు మనసులో ఉన్నట్టే లెక్క. ధ్వనిని ఒక్క సెకను ఆలస్యం చేస్తే ఆ మిగులు పూర్తిగా కరిగిపోయింది.

అంటే చూసిన మరుక్షణం ఒక విశాలమైన, నిండైన ఛాయ ఉంటుంది. తడి నేల మీది పాదముద్రలా అది వెంటనే ఆరిపోతుంది. ఆరేలోపు ఎంచుకున్న కొన్నింటినే కార్యస్మృతి ఎత్తి దాచుకుంటుంది. 1974లో డబ్ల్యూ.ఎ. ఫిలిప్స్ నలుపు తెలుపు గళ్ల నమూనాలతో ఈ రెండింటినీ విడదీశాడు. విరామం మరీ తక్కువైతే ఎన్ని గళ్లున్నా జనం తేడా పట్టేశారు. కానీ రెండో నమూనాను కాస్త పక్కకు జరిపితే ఆ నేర్పు పోయింది. విరామం పెరిగినప్పుడు మాత్రం పక్కకు జరపడం వల్ల నష్టం లేదు. గళ్లు ఎన్ని అన్నదే లెక్కలోకి వచ్చింది. మొదటిది కంటికి అంటుకున్న ఛాయ, రెండోది మనసు పట్టుకున్న సరుకు.

ఆ సరుకు ఎంత? ఈ ప్రశ్న చుట్టూనే గత పాతికేళ్ల పరిశోధనలో ఎక్కువ భాగం తిరిగింది. 1997లో స్టీవెన్ లక్, ఎడ్వర్డ్ వోగెల్ రంగుల చదరాల్ని సెకనులో పదో వంతు చూపించి, దాదాపు ఒక సెకను ఖాళీ తెర ఉంచి, మళ్లీ చదరాలు చూపించారు. ఒకదాని రంగు మారిందా లేదా అన్నది ప్రశ్న. మూడు చదరాల వరకు తప్పులు దాదాపు లేవు. నాలుగు దాటాక జారుడు మొదలైంది. నాలుగేళ్ల తర్వాత నెల్సన్ కోవన్ రకరకాల ప్రయోగాల్ని కూడగట్టి, జార్జ్ మిల్లర్ 1956లో చెప్పిన ‘ఏడు, రెండు అటూ ఇటూ’ అన్న అంకె అసలు హద్దు కాదనీ, నాలుగు చుట్టుపక్కలే నిజమైన హద్దనీ వాదించాడు.

నాలుగంటే మరీ తక్కువ అనిపిస్తుంది. కళ్లు తెరిస్తే లోకమంతా కనిపిస్తున్నట్టుంటుంది కాబట్టి. వరద రోజుల్లో సోమశిల ఆనకట్ట దగ్గర నిలబడినవాళ్లు దీన్ని పరీక్షించుకోవచ్చు. పెన్నా నీళ్లు నురుగై దూకుతున్న గేట్లు కొన్ని, మూసి ఉన్నవి కొన్ని. ఒక్కసారి చూసి వెనక్కి తిరిగి ఏవి ఎత్తారో చెప్పాలి. మధ్యలో వరసగా అయిదు ఎత్తి ఉంటే సులువు, అది మనసుకు ఒకే బొమ్మ. చివరొకటి, మధ్య రెండు, ఆ పక్క ఒకటి వదిలి ఇంకొకటి అంటే లెక్క తప్పుతుంది. ఎత్తిన గేట్ల సంఖ్య రెండు సార్లూ అయిదే. మారింది వాటి అల్లిక.

ఇక నాలుగు అన్న మాట దగ్గరే శాస్త్రజ్ఞులు రెండు పక్షాలయ్యారు. వివాదం వినడానికి చిన్నదిగా ఉన్నా మనసు పనితీరు మీద పెద్ద ప్రశ్న అది. కార్యస్మృతిలో మూడు నాలుగు గూళ్లున్నాయా, గూటికొక వస్తువు చొప్పున సర్దుకుని మిగతావి బయటే ఉండిపోతాయా? లేక ఉన్నది ఒకే గిన్నెడు శక్తా, ఎంతమందికి వడ్డిస్తే ఒక్కొక్కరి వంతు అంత పలచబడుతుందా?

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఈ తేడా చూపడానికి పొగాకు మించిన ఉదాహరణ లేదు. కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలకు బేళ్లు తోలే ముందు, బ్యారన్‌లో కాల్చిన ఆకును రంగును బట్టి వేరు చేస్తారు. నిమ్మపసుపు, నారింజ, గోధుమ, వాటి మధ్య మళ్లీ ఎన్నో ఛాయలు. రెండు ఆకుల్ని పక్కపక్కన పెడితే ఇట్టే దొరికే తేడా, ఒకదాన్ని చూసి కింద పెట్టి రెండోదాన్ని ఎత్తి చూస్తే దొరకదు. స్మృతిలో ఆకు ఉంది, కానీ దాని రంగు కొంచెం మసకబారింది. గూళ్ల పక్షం లెక్కలో ఆకు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. గిన్నె పక్షం లెక్కలో ఆకులు పెరిగేకొద్దీ ప్రతి ఆకు రంగూ ఇంకాస్త మసకబారుతుంది.

ఈ మసకను కొలవడానికి 2004లో ప్యాట్రిక్ విల్కెన్, వేజీ మా రంగుల చక్రాన్ని వాడారు. మారిందా లేదా అని అడగడం మాని, చూసిన రంగును చక్రం మీద చూపమన్నారు. 2008లో జాంగ్, లక్ అదే పద్ధతితో గూళ్లకు మద్దతు చూపారు. నిర్ణీత సంఖ్య దాటాక జనం కేవలం ఊహించి చెబుతున్నారన్నారు. అదే ఏడాది పాల్ బేస్, మసూద్ హుసేన్ మరో ప్రయోగంతో గిన్నె వైపు నిలబడ్డారు. రెండు వస్తువులకే ఖచ్చితత్వం తగ్గడం మొదలవుతుందనీ, ఒకదాని మీద మనసు పెడితే దానికి ఎక్కువ వంతు దక్కుతుందనీ చూపారు. ఇప్పటికీ ఈ వాదం తేలలేదు. అయినా ఒక్క విషయంలో గిన్నె పక్షం గెలిచిందనే చెప్పాలి. స్మృతిని ‘ఉంది, లేదు’ అని లెక్కపెట్టే రోజులు పోయాయి. ఎంత నాణ్యంగా ఉంది అన్నదే ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న.

మసకబారిన చోటును మనసు ఖాళీగా వదలదు. తనకు తెలిసినదాంతో పూడుస్తుంది. పసుపుకూ నారింజకూ మధ్య ఛాయను చూసినవాళ్లు గుర్తు తెచ్చుకునేటప్పుడు దాన్ని తమకు పేరు తెలిసిన అసలు పసుపు వైపో అసలు నారింజ వైపో జరుపుతారని 2015లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. 2011లో టిమొతీ బ్రేడీ, జార్జ్ అల్వారెజ్ రంగు వలయాలతో చేసిన ప్రయోగంలో ఇంకో తీరు బయటపడింది. ఒక వలయం పరిమాణం గుర్తుచేసుకోమంటే, అదే రంగులో ఉన్న మిగతా వలయాల సగటు వైపు అది ఒరిగింది. గుంపు లక్షణాన్ని ఒకదానికి అంటగట్టడం తప్పే అయినా, అరకొర సమాచారంతో లెక్క కట్టేవాళ్లకు అది తెలివైన తప్పు.

ఇంకో రకం తప్పు మరీ ఆసక్తికరం. చూసిన రంగులన్నీ గుర్తుంటాయి, స్థానాలన్నీ గుర్తుంటాయి, కానీ ఏ రంగు ఎక్కడిదో తారుమారవుతుంది. రంగు, ఆకారం, దిక్కు, స్థానం మెదడులో వేర్వేరు చోట్ల లెక్కకెక్కుతాయి. వాటిని కలిపి ముడి వేయడం వేరే పని. లక్, వోగెల్ ఈ ముడి ఉచితంగా పడుతుందనుకున్నారు. 2002లో మేరీ వీలర్, ఆన్ ట్రీస్‌మన్ ముడి నిలవాలంటే ధ్యాస కావాలని చూపారు. 2009లో బేస్ బృందం ఈ తారుమార్లను విడిగా లెక్కగట్టి, ఊహించి చెప్పారని అనుకున్న తప్పుల్లో చాలా భాగం ఇవేనని తేల్చింది.

ఇంత చిన్న గిన్నెతో మనిషి ఎలా నెట్టుకొస్తున్నాడు? సంక్రాంతి నెలలో ఎవరి వాకిట్లోనో చూసిన ముగ్గును ఇంటికొచ్చి దించే ఆడవాళ్లకు జవాబు చేతివేళ్లలో ఉంది. ‘పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వరకు’ అంటారు. మధ్య వరసలో 15, ఆ పైనా కిందా 14, 13, అలా తగ్గుతూ 8. కూడితే 169 చుక్కలు. వాటన్నిటినీ రెండు అంకెలూ ఒక మాటా మోసేస్తున్నాయి. మీదట గీతలు కూడా అంతే. ఒక మూల మెలిక తిరిగిన తీరు పట్టుబడితే మిగతా మూలలు దాని ప్రతులే. చూసినదాన్ని ఉన్నది ఉన్నట్టు మోయకుండా దానిలోని క్రమాన్ని పట్టి మూట కట్టడం ఇది. బ్రేడీ, టాలియా కాంకిల్, అల్వారెజ్ 2009లో ప్రయోగశాలలో ఇదే చూపారు. కొన్ని రంగులు తరచూ జంటగా వచ్చేలా చేస్తే, ఆ జంటలు అలవాటైనవాళ్లు ఎక్కువ రంగులు నిలుపుకోగలిగారు. గిన్నె పెరగలేదు, సరుకు చిన్న మూటలో ఇమిడింది.

చదరంగంలో ఇది మరీ స్పష్టం. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ నిజమైన ఆటలోని స్థితిని అయిదు సెకన్లు చూపిస్తే మేటి ఆటగాడు చాలా పావుల్ని తిరిగి పేర్చగలిగాడు, కొత్తవాడు కొన్నింటినే పేర్చాడు. పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి చూపించినప్పుడు ఇద్దరూ దాదాపు ఒకటే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి బల్లను చూసినప్పుడు కనిపించేవి విడి పావులు కావు. ఏళ్ల తరబడి ఆటలతో పేరుకున్న గుంపులు. పూర్వపు అష్టావధానాల్లో చదరంగాన్ని కూడా ఒక అంశంగా పెట్టడం వెనక తెలుగు పండితులకు ఈ సంగతి అనుభవంగా తెలిసే ఉండాలి. పద్యం ఒక పక్క, పావులు ఒక పక్క. మాటల్ని తిప్పుకునే భాగానికీ చూపు పలకకూ వేర్వేరుగా పని పడుతుంది. ఒకదాని సరుకు రెండోదాన్ని పూర్తిగా తోసెయ్యదు.

మెదడులో ఈ పట్టు ఎక్కడుంది? 1971లో హ్వాకిన్ ఫూస్టర్, గారెట్ అలెగ్జాండర్ ఒక వైపూ, జపాన్‌లో కుబోటా, నికి ఇంకో వైపూ కోతుల నుదుటి వెనక భాగంలోని కణాల్ని విన్నారు. వస్తువు కనబడకుండా పోయి, జవాబు చెప్పే సమయం ఇంకా రాని ఆ వేచి ఉండే గడువంతా కొన్ని కణాలు మోగుతూనే ఉన్నాయి. 1989లో ఫునహాషి, గోల్డ్‌మన్-రాకిష్ బృందం ఒక్కొక్క కణానికి తెర మీద తనదైన చోటు ఉందని చూపింది. ఆ చోట చుక్క వెలిగి ఆరితేనే అది గడువంతా మోగుతుంది.

చాలాకాలం స్మృతి అంటే నుదురే అనుకున్నారు. 2004లో తల వెనక, పైభాగం వంతు వచ్చింది. టాడ్, మారోయిస్ స్కానింగులోనూ, వోగెల్, మాచిజావా తల మీద అంటించిన విద్యుద్వారాలతోనూ ఒకే తీరు చూశారు. మోయాల్సిన వస్తువులు మూడు నాలుగు అయ్యేదాకా సంకేతం పెరిగి అక్కడ ఆగిపోతోంది. ఎవరి హద్దు తక్కువో వాళ్లకు ముందే ఆగుతోంది. 2009లో స్టెఫానీ హారిసన్, ఫ్రాంక్ టాంగ్ ఇంకా వెనక్కి, కంటి సమాచారం మొదట చేరే ప్రాంతాలకు వెళ్లారు. చారల దిక్కును మనసులో ఉంచుకున్నవాళ్ల మెదడు చిత్రాలు చూసి, రెండింట్లో ఏ దిక్కు దాచుకున్నారో ఎనభై శాతానికి పైగా సరిగ్గా చెప్పగలిగారు. ఆ ప్రాంతంలో మొత్తం సందడి మామూలు స్థాయికి పడిపోయినవాళ్లలోనూ చెప్పగలిగారు. చూడటానికి వాడే చోటునే చూసినదాన్ని నిలపడానికీ మెదడు వాడుకుంటోంది.

సందడి తగ్గినా సమాచారం ఉండటం కొత్త ఆలోచనకు దారి తీసింది. 2008లో మోంజిల్లో, బరాక్, త్సోడిక్స్ గణితంతో చూపిన దాన్ని బట్టి, కణాలు ఎల్లవేళలా మోగనక్కర్లేదు. కణాల మధ్య అతుకులు కొన్ని క్షణాలు బలపడి ఉంటే చాలు. కాలువలో నీరు ఆపినా గట్టు మీద తడి ఉన్నట్టు. 2017లో మైఖేల్ వుల్ఫ్ బృందం ఆ తడిని పరీక్షించింది. మౌన విరామంలో ఏ సంబంధమూ లేని ఒక మెరుపు చూపించి, మెదడు దానికి స్పందించిన తీరులోంచి అంతకు ముందు దాచుకున్న దిక్కును బయటికి లాగింది.

దాచినదాన్ని తీయడం గురించి తెలిసిన వాటిలో పనికొచ్చేది ఇదీ: తీయడానికి ముందే, సరుకు లోపల ఉండగానే, ధ్యాసను దాని మీదికి తిప్పవచ్చు. 2003లో గ్రిఫిన్, నోబ్రే ఒక పక్కనా, లాండ్‌మన్ బృందం ఇంకో పక్కనా ఇది చూపారు. బొమ్మ మాయమై సెకను దాటాక ‘ఆ ఎడమ పక్కదే అడుగుతాం’ అని బాణం గుర్తు పెడితే జవాబులు మెరుగయ్యాయి. కళ్ల ముందు ఏమీ లేదు, అయినా మనసు లోపలి బొమ్మలో ఎడమ పక్కకు చూపు తిప్పగలిగింది.

ఒకే వస్తువు కోసం పదేపదే వెతకాల్సి వస్తే ఇంకో మార్పు వస్తుంది. 2011లో కార్లైల్, వుడ్‌మన్ బృందం ఒకే లక్ష్యాన్ని వరసగా ఏడు సార్ల దాకా ఇచ్చింది. మొదట్లో బలంగా ఉన్న కార్యస్మృతి సంకేతం ప్రతిసారీ తగ్గుతూ వచ్చింది. పని దీర్ఘకాలిక స్మృతికి అప్పగింతలయింది. ఉదయగిరి చెంచా పనిలోనూ ఆ తీరే అనుకోవచ్చు. మొదటి చెంచాకు పడ్డన్ని చూపులు పదో చెంచాకు పడవు. చిన్న గిన్నె మళ్లీ ఖాళీ అయి, కొత్త వంపు కోసం ఎదురుచూస్తుంది.

మొదటి చెంచాకు మాత్రం అన్నిసార్లు చూడటం మందమతి లక్షణం కాదు. 1995లో డానా బాలర్డ్, మేరీ హేహో, జెఫ్ పెల్జ్ రంగు దిమ్మెలతో నమూనాను అనుకరించమని కళ్ల కదలికలు నమోదు చేశారు. చదువుకున్న పెద్దవాళ్లు ఒక్కొక్క దిమ్మె కోసం నమూనాను రెండుసార్లు చూశారు. ఒకసారి రంగుకు, ఇంకోసారి చోటుకు. నాలుగు దిమ్మెల దాకా మోయగలిగి ఉండీ ఒకటి మోయడానికే ఇష్టపడ్డారు. నమూనాను తల తిప్పేంత దూరం జరిపితే అప్పుడు ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. చూడటం చవకైనప్పుడు మోయడం దేనికని మెదడు లెక్క. 1999లో మైఖేల్ లాండ్ బృందం టీ కాచే మనుషుల కళ్లను గమనించింది. చేయి కెటిల్‌ను అందుకోవడానికి దాదాపు అర సెకను ముందే కన్ను అక్కడికి చేరింది, పనికి సంబంధం లేని వస్తువుల మీద దాదాపు ఆగనేలేదు.

దీని వెల కూడా ఉంది. 1998లో డేనియల్ సైమన్స్, డేనియల్ లెవిన్ ఒక విశ్వవిద్యాలయం ఆవరణలో దారి అడుగుతున్న మనిషిని, మధ్యలో తలుపు మోసుకుపోతున్నవాళ్ల చాటున, మరో మనిషితో మార్చేశారు. దారి చెబుతున్న వారిలో సగం మందికి తమ ఎదుట ఉన్నది వేరే మనిషని తెలియలేదు. లోకం అక్కడే ఉంటుంది కదా అన్న భరోసాతో మనసు దాన్ని దాచుకోలేదు.

ఈ శక్తి జీవితమంతా ఒకేలా ఉండదు. ఆరు నెలల బిడ్డకు ఒక వస్తువే పట్టు. పది నెలలకు మూడు నాలుగు అవుతాయని 2003లో రాస్-షీహీ, ఓక్స్, లక్ చూపారు. ఇరవై ఏళ్ల ప్రాంతంలో పరాకాష్ఠ. 2013లో బ్రాక్‌మోల్, లోగీ 55,753 మందితో అంతర్జాలంలో చేసిన అధ్యయనంలో, యాభై అయిదు దాటిన పెద్దవాళ్లు ఇలాంటి పరీక్షలో ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల కంటే వెనకబడ్డారు. మాటల స్మృతి అంత త్వరగా జారదు. సాధనతో గిన్నెను పెంచే కంప్యూటర్ ఆటల మీద 2008 తర్వాత చాలా ఆశలు పెట్టుకున్నారు. 2013లో మెల్బీ-లెర్వోగ్, హ్యూమ్ ఎన్నో అధ్యయనాల్ని కూడగట్టి చూసినప్పుడు, సాధన చేసిన ఆటలో మెరుగుదల కనిపించింది కానీ చదువుకో తెలివికో అది పాకలేదు.

వైద్యంలో మాత్రం ఈ స్మృతి అనుకోని చోట అక్కరకొస్తోంది. కొలంబియాలోని అంటియోకియా ప్రాంతంలో ఒక జన్యు లోపం వల్ల నడివయసులోనే అల్జీమర్స్ వచ్చే కుటుంబాలున్నాయి. 2010లో మారియో పారా బృందం ఆ జన్యు లోపం ఉండి, ఇంకా ఏ లక్షణమూ కనిపించని మనుషుల్ని పరీక్షించింది. రంగులు విడిగా చూపిస్తే బాగానే గుర్తుపట్టారు. ఆకారాలు విడిగా చూపించినా అంతే. ఏ ఆకారానికి ఏ రంగో అడిగితే తప్పారు. వస్తువు నిలిచింది, ముడి ఊడింది. ఈ పరీక్షకు అక్షరాలు అక్కర్లేదు, లెక్కలు అక్కర్లేదు. బడి గడప తొక్కని ముసలమ్మను కాగితం మీద వాక్యం రాయమనే పరీక్షతో తూచడం అన్యాయమని తెలిసిన వైద్యులకు ఇది పెద్ద వెసులుబాటు. రెండు మూడు రంగు బొమ్మలు చూపి, ఒక్క క్షణం తెర ఖాళీగా ఉంచి, మళ్లీ చూపి, ‘ఇవే ఉన్నాయా, రంగు మారిందా అవ్వా?’ అని అడిగితే చాలు.